చేపలు లేని మూడు చోట్లు

పటమట, విజయవాడ
14 అక్టోబరు

కొండలయ్య బావకు,

నీకు చెవులు పూర్తిగా పోయాయని, ఇక నీతో ఫోను దండగని మీ చెల్లెలు చెప్పినప్పుడు నాకు మొదట కలిగింది జాలి కాదు, అసూయ. మా అపార్టుమెంటు కింద పొద్దున్నే నడక సంఘం వాళ్ళు నవ్వుల వ్యాయామం చేస్తారు. పద్ధెనిమిది మంది ముసలాళ్ళు చేతులు పైకెత్తి, కారణం లేకుండా, లెక్క ప్రకారం నవ్వుతారు. నాలుగు బీరువాల పుస్తకాలు చదివాను. అంత నీచమైన శబ్దం గురించి ఎవరూ ఎక్కడా రాయలేదు.

ఆ సంఘానికి అధ్యక్షుడెవరో తెలుసా? గంగాప్రసాద్. చేపల శాఖలో పదకొండేళ్ళు నా నెత్తిన కూర్చున్న అధికారి. తొంభై నాలుగులో నేను రాసిన ‘కృష్ణా సంగమ మత్స్య స్థావరాలు’ మీద తన పేరు అచ్చేయించుకున్న మహానుభావుడు. మీ వైపు పాయల్లో ఇరవై రెండు చోట్లు, ఏ నెలలో ఏ చేప, ఏ పోటుకి ఏ మడుగు, అంతా నా చేతిరాతే. నా పేరు చివరి పేజీలో ఉంది. ‘సామగ్రి మోయుటలో సహకరించిన సిబ్బందికి కృతజ్ఞతలు’ అని, జీపు డ్రైవరు పేరు తర్వాత.

ఇప్పుడాయనకి ఎనభై నిండుతున్నాయట. ఆ పుస్తకం రెండో ముద్రణ వేయించి పడవ మీద ఆవిష్కరింపజేసుకుంటాడట. పుస్తకంలో ఉన్న చోట్లలోనే సంఘ సభ్యులు గాలాలు వేసి చేపలు పడతారట. నిన్న నన్ను పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు. “జక్కయ్యా, మీ బావగారు ఆ వైపే కదటోయ్ ఉండేది? అందరం పట్టే పడవొకటి, మంచి చోట్లు ఓ మూడు చూసిపెట్టు” అన్నాడు. “తప్పకుండా సార్” అన్నాను. రిటైరయి పదహారేళ్ళయినా ఆ ‘సార్’ మాత్రం నా నోట్లోంచి దానంతటదే వస్తుంది, అమ్మేసిన గేదె పాత కొట్టానికి నడిచొచ్చినట్టు.

అందుకని నాకు కావలసింది, చేపలు లేని మూడు చోట్లు. తక్కువున్న చోట్లు కాదు, అసలు లేనివి. దారి తప్పి ఒక్క ఇసుకదొందు కూడా రాకూడదు. నీడ ఉండకూడదు. బురద వాసన ధారాళంగా ఉండాలి. మధ్యాహ్నం దాకా గాలాలన్నీ ఖాళీగా వేలాడాక అందరినీ మీ ఊరి రేవులో దింపు. అక్కడ, మీ ఊరి ముందు, ఆ ఇరవై రెండు చోట్ల పేర్లూ నేను వరసగా అప్పజెబుతాను. ఆయన్ని మూడు చెప్పమంటాను. అంతే. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నేను ఎదురుచూస్తున్నది ఒక్క మాట: ‘ఇది జక్కయ్య రాశాడు’ అని ఆయన నోటితో, నలుగురిలో.

పడవ నీది. చోట్లు నువ్వే ఎంచు.

జక్కయ్య


చిన్నపాయదిబ్బ, నాగాయలంక మీదుగా
27 అక్టోబరు

బావగారికి కొండలయ్య నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మా చెల్లి నాగలక్ష్మికి షుగరు ఎట్టా ఉందో మీరు రాయలేదు. బస్సులో ఎండు రొయ్యలు పంపాను. ఇసుక ఉంటుంది, రెండు నీళ్ళు ఎక్కువ కడగమనండి.

మీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. చేపలున్న చోటు చెప్పమనేవాళ్ళు ఊరికి నలుగురు ఉంటారు. లేని చోటు అడిగింది మీరొక్కరే.

పడవ సంగతి ఏమిటంటే, ఇంజను ఆటోనగర్‌లో పీరు షెడ్డులో ఉంది. ఎప్పుడిస్తాడో తెలియదు. పడవ అడుగు చెక్క కూడా ఒకటి నానిపోయింది. పైగా మీ సంఘంలో అందరూ పెద్ద వయసు వాళ్ళు. ఇక్కడ మడచెట్ల వేళ్ళు మేకుల్లాగా పైకి లేచి ఉంటాయి, కాళ్ళల్లో దిగుతాయి. భవానీ ద్వీపం వెళ్ళండి. అక్కడ బల్లలున్నాయి, బాత్రూములున్నాయి. గాలం వేసినట్టు ఫొటో తీసుకోవచ్చు.

తప్పదంటే ఎటో ఒకచోట తిప్పుతాను గానీ, మా రేవుకి మాత్రం వద్దు బావగారూ. రేవు బాగాలేదు.

చిత్తగించవలెను.
కొండలయ్య


పటమట
9 నవంబరు

బావా,

మొన్న ఆటోనగర్ వెళ్ళాను. పీరు నాకు టీ ఇప్పించి, “మీ బావగారి ఇంజను దసరాకే ఇచ్చేశాను సార్, మెరిసిపోయేట్టు చేసిచ్చాను” అన్నాడు. అడుగు చెక్క కూడా నానలేదని నా అనుమానం. నీకు అబద్ధం చెప్పడం రాదు. అది చదువుకున్నవాళ్ళ విద్య.

ఇక్కడ ఏర్పాట్లు చూస్తే నీకు కడుపు నిండుతుంది. మూడు సమావేశాలు జరిగాయి. మొదటి దాంట్లో టోపీల రంగు తేల్చారు. రెండో దాంట్లో శాలువాలు ఎవరు ఎవరికి కప్పాలో తేల్చారు. మూడో దాంట్లో చేపల గురించి ఒక విశ్రాంత తహసీల్దారు ప్రశ్న అడిగాడు: “గాలానికి మనమే ఎర గుచ్చాలా, మనిషిని పెడతారా?” పడవకి కట్టడానికి ఫ్లెక్సీ కొట్టించారు. అందులో గంగాప్రసాద్ తలపాగా చుట్టుకుని తెడ్డు పట్టుకున్నాడు. ఆయన జీవితంలో పట్టుకున్న ఒకే ఒక్క తెడ్డు ఆ ఫొటోగ్రాఫరుది.

చోట్లు నువ్వు చెప్పకపోతే నేనే చెబుతాను. నా పుస్తకంలోంచే. అత్తగారి మూల, ముంతపాయ, ఏడుపుల వంపు. ఇప్పుడు అక్కడ చేపలున్నాయో లేవో నువ్వు చూసి రాయి. ఆ పేర్లు చూడు బావా, ఎంత బాగున్నాయో! ఆఫీసు గదిలో కూర్చున్నవాడికి దొరికే పేర్లా అవి? తొమ్మిది రోజులు ఎండలో, పాయపాయా తిరిగి సేకరించాను. కామెర్ల తర్వాత ఒంట్లో రక్తం లేని రోజుల్లో.

రేవు బాగాలేదన్నావు. నాకు కావలసింది రేవు కాదు, రేవులో మనుషులు. గంగాప్రసాద్‌కి కూడా నూరిపోశాను, ‘ఆవిష్కరణ మత్స్యకారుల మధ్యనే జరగాలి సార్’ అని. పొంగిపోయాడు. మాఘ పౌర్ణమి, ఫిబ్రవరి ఒకటో తారీకు, ఆదివారం ఖాయం.

జక్కయ్య


చిన్నపాయదిబ్బ
20 నవంబరు

బావగారికి నమస్కారం.

ఆ మూడు పేర్లు దయచేసి ఎవరి ముందూ అనకండి. ఉత్తరంలో కూడా రాయకండి. ఇక్కడ పోస్టు తెచ్చే మనిషి పైకి చదువుతాడు.

మా కట్టుబాటు మీకు తెలియంది కాదు. పాయల్లో చోట్లన్నీ ఊరివి. కార్తీకం ఆఖరి ఆదివారం ఇంటికో బెండు, ఎవరి గుర్తు వాళ్ళు చెక్కుకున్న వల బెండు, కుండలో వేస్తారు. రత్తమ్మత్త కళ్ళు మూసుకుని తీస్తుంది. ఆవిడకి ఎనభై అయిదు. ఎవరి బెండు వస్తే ఆ చోటు ఆ ఏడాదికి వాళ్ళది. వంతు లేనివాడు అక్కడ గాలం కూడా వెయ్యకూడదు. మొన్న ఆదివారమే తీశారు. మాకేం రాలేదు లెండి.

అవనిగడ్డ వంతెన కింద అయితే ఎవరి వంతూ లేదు. జెల్లలు పడతాయి. మీ పెద్దమనుషులకి అది చాలు. ఒప్పుకోండి బావగారూ.

కొండలయ్య


పటమట
2 డిసెంబరు

కొండలయ్యా,

జెల్లలు పడతాయని నువ్వు రాశాక నాకు అర్థమైంది. నేను చేపలు లేని చోటడిగితే నువ్వు ఆయనకి చేపలు పట్టించే ఏర్పాటు చేస్తున్నావు. ఇంజను లేదన్నావు, అబద్ధం. రేవు బాగాలేదన్నావు. ఇప్పుడు పేర్లు అనొద్దంటున్నావు. ఎవరి పక్షాన ఉన్నావు నువ్వు?

నేను చదివిన చరిత్రలన్నిట్లో ఒకటే కథ. కోట ఎప్పుడూ బయటివాడి వల్ల కూలదు. తలుపు గడియ తీసేది లోపలి చుట్టమే. గంగాప్రసాద్ నీకేం పెట్టాడు? పడవ సబ్సిడీయా? పెన్షనా? అదేదో నాకూ చెప్పు, ముప్ఫై ఏళ్ళుగా నేను ఊరికే బాధపడుతున్నాను.

ఒకటి మాత్రం రాసిపెట్టుకో. ఫిబ్రవరి ఒకటిన మీ రేవులో నేను ఆ ఇరవై రెండు పేర్లూ చెబుతాను. నువ్వు పడవ తెచ్చినా, తేకపోయినా.

జక్కయ్య


చిన్నపాయదిబ్బ
15 డిసెంబరు

జక్కయ్యా,

నాకేం పెట్టాడని అడిగావు. చెప్తాను, కూచుని చదువు.

పుస్తకం వచ్చిన మరుసటేడు మా రేవుకి బయటి పడవలొచ్చినయ్. ఇంజన్లు, దోమతెరల్లాంటి వలలు. ఒకడి చేతిలో నీ పుస్తకం. రేవులో దిగి, “ఏడుపుల వంపు ఎటండీ?” అని అడిగాడు. ఊళ్ళో ఆ పేరు ఎవరికీ తెలియదు. ఊరు దాన్ని పెద్దవంపు అంటుంది. మా నాన్న పోయిన ఏడు మా అమ్మ అక్కడ వల వేస్తా ఏడ్చేది. ఏడుపుల వంపు అని తనకి తాను పెట్టుకుంది. మా ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదు. ఆ ఇరవై రెండూ నువ్వు ఎండలో తిరిగి సేకరించలేదు. కామెర్లొచ్చి మా ఇంట్లో పడుంటే, అల్లుడు దిగులుగా ఉన్నాడని మా అమ్మ నిన్ను పడవలో కూచోబెట్టుకుని తొమ్మిది రోజులు తిప్పింది. చోటు చోటుకీ పేరు చెప్పింది. “ఇవి నోటితోనే ఉండాలి అల్లుడుగారూ” అని కూడా చెప్పింది. నేనే గెడ వేశాను. అప్పుడు నాకు చెవులున్నయ్.

రత్తమ్మత్త ఊరంతా కూచోబెట్టి ఎవరు చెప్పారని అడిగింది. అమ్మ లేచి, మా ఊళ్ళో ప్రమాణం చేసేట్టు పడవ ముక్కు మీద చెయ్యి వేసి, “పుస్తకం కవరు మీద పేరున్న ఆఫీసరుకి నేనే చెప్పాను, ఐసుపెట్టె ఇస్తానన్నాడు” అంది. ఐసుపెట్టె ఏదీ అన్నారు. “మోసం చేశాడు, ఇవ్వలేదు” అంది. నీ పేరు రానివ్వలేదు. ఆ రోజు నుంచి పోయేదాకా ఊళ్ళో దాని పేరు ఐసుపెట్టె మాణిక్యం.

చోటు బయటపెట్టినవాళ్ళ బెండు కుండలోంచి తీసేస్తారు. ఎన్ని చోట్లు చెప్పారో అన్ని కొత్తవి వెతికి ఊరికిచ్చేదాకా తిరిగి వెయ్యరు. అమ్మ ఆరు వెతికింది. నేను తొమ్మిది. ఇంకా ఏడున్నయ్. అందుకే నేను వల వదిలి పడవ బాడుగకి తిప్పుతున్నా. చేపలాడు వల ఎందుకు వదిలాడని నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు. ఎప్పుడొచ్చినా మాట్లాడేది చివరి పేజీ గురించే.

కవరు మీద నీ పేరు లేదని ఏడుస్తున్నావు. లేకబట్టే మా ఇంటి పెళ్ళిళ్ళకొచ్చి ముందు వరసలో కూచున్నావు.

చేపలు లేని చోట్లు కావాలన్నావు గదా. దానికి నన్నడగటం ఎందుకు? నీ పుస్తకం తెరువు. ఇరవై రెండూ ఖాళీయే.

రావాలనుకుంటే రండి. రేవుకొచ్చిన వాణ్ణి పొమ్మనటం మాకు లేదు. పడవ తెస్తాను.

కొండలయ్య


పటమట
28 డిసెంబరు

బావా,

ఉత్తరం అందింది. ఎనిమిది రోజులయింది. రోజూ జవాబు మొదలుపెట్టి చింపాను. నాకు మాట దొరకకపోవడం ఇదే మొదటిసారి. దొరకకపోతే ఏ పుస్తకంలోంచైనా తెచ్చుకునేవాణ్ణి.

నాగలక్ష్మిని అడిగాను. “నీకు తెలుసా?” అన్నాను. చిక్కుళ్ళు గిల్లుతూ, “తెలుసు” అంది. “ముప్ఫై ఏళ్ళు నాకెందుకు చెప్పలేదు?” అంటే, “మీరు పేరు పోయిందని ఏడుస్తుంటే మధ్యలో మా అమ్మ కూడా ఎందుకులే అని” అంది. తర్వాత లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. ఆ రోజు కూరలో ఉప్పు లేదు. అలాగే తిన్నాను.

యాత్ర ఆపించాలని చూశాను. కుదరలేదు. మీ రేవులోనే చేయాలని వాళ్ళకి ఎక్కించింది నేనే. ఫ్లెక్సీ మీద మీ ఊరి పేరు కూడా వేసేశారు. గోతులు తవ్వడంలో నాకున్న నైపుణ్యం శాఖలో ఎవరికీ లేదని ఒకప్పుడు గంగాప్రసాదే అనేవాడు. చెరువుల గురించి అనేవాడు.

పేర్లు చెప్పను. ఆ మాట ఇస్తున్నాను. నోరు విప్పితే ఏమవుతుందో, విప్పకపోతే ఏమవుతుందో మాత్రం నాకు తెలియడం లేదు.

జక్కయ్య


చిన్నపాయదిబ్బ
6 ఫిబ్రవరి

బావా,

అయిదు రోజుల నుంచి ఊళ్ళో అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు, ఏదో అంటున్నారు. నాకు వినపడదు. రాసి చూపించమంటే ఒకడు రాసింది ఇంకొకడు కొట్టేస్తున్నాడు. నేనక్కడే ఉన్నాను గానీ ఏం జరిగిందో నాకే తెలియదు. నేను చూసింది రాస్తాను. విన్నది నువ్వు రాయి.

పొద్దున మూడు చోట్లు తిప్పాను. పుస్తకంలోవే. ఒక్క చేపా పడలా. తెల్లటోపీ ఆయన గాలానికి ఇంకొకాయన శాలువా తగులుకుంది, అదొక్కటే పడింది. తర్వాత రేవుకొచ్చాం. ఫ్లెక్సీ కట్టారు. ఆ ఆఫీసరు నిలబడి చాలాసేపు చేతులూపాడు. రత్తమ్మత్త కర్రతో వచ్చి ఫ్లెక్సీ కింద నిలబడి ఆయన్ని ఏదో అడిగింది. ఆయన గుండెల మీద చెయ్యి వేసుకుని నవ్వాడు. ఆవిడ మళ్ళీ అడిగింది. నవ్వు పోయింది. ఆయన వేలు నీ వైపు తిరిగింది.

నువ్వు పడవలో కూచునే ఉన్నావు. చాలాసేపు కదల్లేదు. నేను నిన్నే చూస్తున్నా. తర్వాత లేచావు, పడిపోబోయావు, పడవ ముక్కు పట్టుకున్నావు. పట్టుకున్నావో, చెయ్యి వేశావో నాకు తెలియలా. నీ పెదాలు కదిలినయ్. ఊరంతా ఒక్కసారి నోళ్ళు తెరిచింది. ఆఫీసరు పుస్తకంతో మొహం కప్పుకున్నాడు. నీతో వచ్చిన మా చెల్లి పడవ దిగి బురదలో నడుచుకుంటా పోయి రత్తమ్మత్త పక్కన నిలబడింది.

ఆటు మొదలైందని మిమ్మల్ని గబగబా ఎక్కించి పంపేశారు. నేను తిరిగొచ్చేసరికి రత్తమ్మత్త మా అరుగు మీద కూచునుంది. నా చేతిలో మా బెండు పెట్టింది. మా నాన్న చెక్కిన గుర్తు. ముప్ఫై ఏళ్ళు ఆవిడ చూర్లో ఉంది, పొగకి నల్లబడింది.

ఏం చెప్పావు బావా?

కొండలయ్య


పటమట
14 ఫిబ్రవరి

కొండలయ్య బావకు,

విన్నది విన్నట్టు రాస్తున్నాను.

గంగాప్రసాద్ చేతులూపిన అరగంటా, తాను ప్రతి మడుగులో మెడలోతు దిగి పరిశోధించానని చెప్పాడు. మీ ఊరి పేరు రెండుసార్లు తప్పుగా పలికాడు. అప్పుడు రత్తమ్మ గారు వచ్చింది.

“ఈ పొత్తకం రాసింది నువ్వేనా బాబూ?”

“నేనేనమ్మా! ప్రతి అక్షరం.”

“అయితే మా మాణిక్యానికి ఐసుపెట్టె ఇత్తానని చెప్పి, పేర్లన్నీ లాగి, ఎగ్గొట్టి పోయింది నువ్వే గదా? నీకోసం ముప్ఫై ఏళ్ళ నుంచి కూచున్నా. అది పోయింది, నేను పోలా. ఏదీ, చెయ్యి చూపించు, ఏ చేత్తో రాశావో.”

వెనక మీ ఊరి ఆడవాళ్ళు కొంగులు దోపుకున్నారు. నడక సంఘం రెండడుగులు వెనక్కి నడిచింది. గంగాప్రసాద్ కుడిచెయ్యి జేబులో దాచుకున్నాడు. “అమ్మా, నాకేం తెలియదు, నేనీ ఊరు రావడం ఇదే మొదలు. అది నేను రాయలేదు. మొత్తం జక్కయ్య రాశాడు. అడుగో జక్కయ్య” అన్నాడు.

విన్నావా బావా? నువ్వు వినలేదు. పద్ధెనిమిది మంది విన్నారు. తహసీల్దారు ఫోనులో వీడియో కూడా తీశాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు నేను నిద్రలో కూడా వినాలనుకున్న మాట, పొల్లు పోకుండా, ఆయన నోటితో, నలుగురిలో. ‘కాదు’ అంటే నాకు కూడూ గుడ్డా పోవు. ఆయనే అబద్ధాలాడుతున్నాడని ఊరు నమ్మేది. ‘అవును’ అంటే ఇక మీ రేవులో నాకు కుర్చీ ఉండదు. నేను కదలకుండా కూర్చున్నానన్నావు. లెక్కలు వేసుకుంటున్నాను.

లేచాను. చెయ్యి వేశాను. పడిపోబోయి పట్టుకున్నది కాదు.

“అవును, నేనే రాశాను. మొదటి అక్షరం నుంచి చివరిదాకా. మా అత్తగారు నాకు చెప్పింది, ఎవరికీ చెప్పొద్దని చెప్పింది. ఐసుపెట్టె లేదు, ఏ పెట్టే లేదు. ఆవిడ అబద్ధమాడింది నాకోసం” అన్నాను. అంతటితో ఆగితే మనిషినయ్యేవాణ్ణి. ఆగలేదు. “పదకొండో పేజీలో పండుగొప్ప బొమ్మ తలకిందులుగా వేయించింది మాత్రం ఆయనే” అని కూడా అన్నాను. అత్తగారి పరువు కోసం లేచానో, కవరు మీద పేరు కోసం లేచానో నన్నడగొద్దు. రెండూ ఒకే పడవలో ఉన్నాయి.

రత్తమ్మ గారు కర్ర బురదలో గుచ్చింది. “ఎంత మొండిది మాణిక్యం! నా మొహం మీదే అబద్ధమాడింది. మేం దాన్ని ఐసుపెట్టె అన్నాం, ఐసుపెట్టె అని పిలిస్తే పలికింది కూడానూ” అంది. కర్రతో నన్ను చూపించింది. “కొండలయ్య బెండు కొండలయ్యకిచ్చేత్తన్నా. మిగిలిన ఏడు చోట్లూ నువ్వు వెతికియ్యి.”

“అమ్మా, నాకు డెబ్భై నాలుగు. గాలం పట్టడం రాదు. పడవ కదిలితే వాంతులు.”

“పుస్తకం రాసేప్పుడు వాంతులు రాలేదా?”

మీ చెల్లెలు బురదలో నడిచి వెళ్ళింది అప్పుడే. ఆవిడ పక్కన నిలబడి, “వస్తారు అత్తా, నేను పంపిస్తా” అంది. యాభై ఏళ్ళ కాపురంలో నా తరపున ఆమె ఇచ్చిన మొదటి మాట అది. ఇరవై రెండున బయల్దేరుతున్నాను. చెవులు చూపించుకోవడానికి నువ్విక్కడికి రా. మీ ఇల్లు నేను చూసుకుంటాను, లేదా మీ ఇల్లు నన్ను చూసుకుంటుంది.

జక్కయ్య


పటమట, విజయవాడ
12 మార్చి

బావా,

నేను మీ ఇంటి నుంచి రాస్తున్నా, నువ్వు మా ఇంట్లో చదువుతున్నావు. తమాషాగా ఉంది. గవర్నర్‌పేటలో చెవికి మిషను పెట్టారు. మొదట వినపడింది మా చెల్లి తిట్టు. రెండోది మీ కింద వాళ్ళ నవ్వు. నువ్వు రాసింది నిజమే బావా. పొద్దున మిషను తీసేసి పడుకుంటున్నా.

నిన్న గంగాప్రసాద్ గారొచ్చారు, పూతరేకులు పట్టుకుని. తహసీల్దారు వీడియో సంఘంలో అందరికీ పంపాడట. అందుకని పెద్ద మనసు చేసుకుని మూడో ముద్రణ వేస్తాడట. కవరు మీద నీ పేరు పైన, పెద్దక్షరాల్లో. కింద ‘పర్యవేక్షణ’ అని ఆయన పేరు, చిన్నగా. నువ్వు కొత్తగా వెతుకుతున్న ఏడు చోట్లు కూడా అందులో కలపాలట. పాతవి ఖాళీ అయినయ్ కదా, పాఠకులకి కొత్తవి కావాలి కదా అన్నాడు.

మా చెల్లి మజ్జిగిచ్చి, “ఆయన పడవలో ఉన్నారండీ, అడిగి చెప్తాం” అంది. మిషను పనిచెయ్యట్లేదన్నట్టు చెవి మీద కొట్టుకున్నా. అబద్ధం నాక్కూడా వస్తుంది బావా.

ఏం చెప్పమంటావు? నువ్వు కోరుకున్నదే కదా. పూతరేకులు మాత్రం బాగున్నయ్.

కొండలయ్య


చిన్నపాయదిబ్బ
25 మార్చి

కొండలయ్య బావగారికి,

మీ ఉత్తరం పోస్టు తెచ్చే మనిషి రేవులో నిలబడి పైకి చదివాడు. పూతరేకుల దగ్గర ఊరంతా నవ్వింది. మీరన్నది నిజమే, అతను పైకే చదువుతాడు, బాగా కూడా చదువుతాడు. శాఖలో నా నోట్సు అలా చదివినవాడు ఒక్కడు లేడు.

నన్ను తిప్పుతున్నది పక్కింటి తెరేసమ్మ. మొదటి వారం రోజుకి నాలుగు వాంతులు. “పెద్దాయనా, చేపలకి ఎర వేస్తున్నారా?” అంటుంది. నేను ఆకాశంలోకి చూస్తూ ఏ మడుగుకి ఏ నెల అని లెక్క కడుతుంటే, “అటు కాదు, నీళ్ళలో చూడండి, చేపలు అక్కడుంటాయి” అంటుంది. గెడ బురదలో గుచ్చి పైకి తీసి వాసన చూడటం నేర్పింది. అరచేతిలో నీళ్ళు తీసుకుని నాలుక మీద వేసుకుంటే ఉప్పు ఎంతవరకూ ఎక్కిందో తెలుస్తుంది. ఈ రెండూ నా పుస్తకంలో లేవు. అత్తగారు ఆ తొమ్మిది రోజులూ వాసన చూస్తూనే, రుచి చూస్తూనే ఉంది. నేను తువ్వాలు కింద పేర్లు రాసుకుంటున్నాను.

ఇరవై ఆరు రోజులు ఏమీ లేదు. పద్ధెనిమిది చోట్లు చూశాం. చేపలు లేని చోట్లు ఎంచడంలో నాకు సాటి లేదని తెరేసమ్మ ఒప్పుకుంది.

శుక్రవారం ఒక చోట నీళ్ళ మీద ముడత కనిపించింది. గాలి లేదు. గాలం వేశాను. లాగింది బావగారూ. పుట్టి డెబ్భై నాలుగేళ్ళకి, చేపలవాడి కొడుకుని, చేపల శాఖలో ముప్ఫై రెండేళ్ళు జీతం తిన్నవాణ్ణి, మొదటిసారి ఒక చేప నన్ను లాగింది. పండుగొప్ప. చిన్నదే. వరసగా మూడు పోట్లకి పడితేనే చోటు కింద లెక్క అంది రత్తమ్మ గారు. మూడు పోట్లూ పడ్డాయి. ఆవిడ స్వయంగా పడవలో వచ్చి చూసింది, పేరు పెట్టమంది. పెట్టాను. ఒకటి అయింది, ఆరున్నాయి.

గంగాప్రసాద్‌తో ఇలా చెప్పండి. కవరు మీద ఆయన పేరే ఉండనివ్వమనండి. ఖాళీ చోట్ల పుస్తకానికి ఆయనే తగిన రచయిత. చివరి పేజీలో జీపు డ్రైవరు పేరు ముందుంది కదా, దాన్ని కూడా కదపొద్దనండి. పాపం, అతను నిజంగానే సామగ్రి మోశాడు.

ఈ కాగితం కింద కన్నం చూసి ఎలుక అనుకోకండి. మీకు సంతోషం కలుగుతుందని ఆ చోటు ఎక్కడుందో, దాని పేరేమిటో, ఏ పోటుకి వెళ్ళాలో నాలుగు వరసల్లో శుభ్రంగా రాశాను. యాభై ఏళ్ళ అలవాటు, చెయ్యి ఊరుకోదు. చదువుకుని మురిసిపోయి, సంతకం కూడా పెట్టాను. అప్పుడు బ్లేడుతో కోసేశాను. ఆ ముక్క తెరేసమ్మ పొయ్యిలో వేసింది. అందులోనే నా సంతకం కూడా పోయింది. ఎవరు రాశారో మీకు తెలుసు కదా.